జె-1 మీద రెండేళ్ళ రూల్ ఉంటే హెచ్-1బికి మారొచ్చా?

ఓరుగల్లు

అందరికీ నమస్కారం. ఒహాయోలో ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, మెటీరియల్స్ సైన్స్. 2022లో జె-1 (ఎక్స్చేంజ్ విజిటర్ వీసా) మీద రీసెర్చ్ స్కాలర్‌గా వచ్చాను. పాస్‌పోర్టులో వీసా మీద 212(ఇ) వర్తిస్తుంది, రెండేళ్ళ రూల్ ఉంది అని అచ్చు వేసి ఉంది, అంటే ప్రోగ్రాం అయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాలనే సెక్షన్. డీఎస్-2019 (జె-1 ప్రోగ్రాం కాగితం) వచ్చే జూన్‌తో అయిపోతుంది. మా ప్రొఫెసర్ నన్ను రీసెర్చ్ సైంటిస్టుగా తీసుకుని హెచ్-1బి (ఉద్యోగ వీసా) వేయిస్తానంటున్నారు. యూనివర్సిటీ కాబట్టి లాటరీ గొడవ లేదు.

ఇద్దరు మిత్రులు రెండు రకాలుగా చెప్తున్నారు. ఒకరేమో ఇండియా స్కిల్స్ లిస్టులోంచి పోయింది, నీకేం అక్కర్లేదు అంటారు. ఇంకొకరు వీసా మీద రాసి ఉన్నంతవరకు వేవర్ (ఆ షరతు మాఫీ) తప్పదు, నోరి సర్టిఫికెట్ (మన ప్రభుత్వం ఇచ్చే కాగితం) కోసం మీ నాన్నగారిని సెక్రటేరియట్ చుట్టూ తిప్పాల్సిందే అంటారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, ఆ మాట అనాలంటేనే నోరు రావట్లేదు.

ఇంకో అనుమానం. పీహెచ్‌డీ హైదరాబాద్‌లో సీఎస్ఐఆర్ (మన కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి) ఫెలోషిప్ మీద చేశాను. అది ప్రభుత్వ డబ్బు తీసుకున్నట్టే అవుతుందా? మా ఆవిడ జె-2 (జె-1 వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది, ఈఏడీ (పని అనుమతి కార్డు)తో ఉద్యోగం చేస్తోంది. తన సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

మంజీర

ఓరుగల్లు గారూ, నేను ఒక యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేస్తాను. లాయర్‌ని కాదు, కానీ ఈ కాగితాలతోనే నా ఉద్యోగం.

"రూల్ ఉందా లేదా" అని కాకుండా "ఏ కారణం వల్ల ఉంది" అని అడగండి. మీరు ఏ దారిన వెళ్ళాలన్నది ఆ కారణాన్ని బట్టే ఉంటుంది. జె-1 వాళ్ళకు ఈ షరతు మూడు వైపుల నుంచి రావచ్చు. మీరు అమెరికా రావడానికి అయిన ఖర్చును అమెరికా ప్రభుత్వమో మన ప్రభుత్వమో పెట్టుకుని ఉండటం ఒకటి. మీ సబ్జెక్టు మీ దేశానికి అవసరమైనదిగా స్కిల్స్ లిస్టులో ఉండటం రెండోది. డాక్టర్లు రెసిడెన్సీకి, ఫెలోషిప్‌కి జె-1 మీద రావడం మూడోది. ఒకే మనిషికి రెండు కారణాలు కూడా ఉండొచ్చు.

ఈ స్కిల్స్ లిస్టు మొదట 1972లో వచ్చింది. మొన్నటిదాకా నడిచింది 2009 నాటిది. అందులో ఇండియా పేరు కింద ఇంజనీరింగ్, సైన్సులు, ఇంకా ఎన్నో ఉండేవి. మన పోస్ట్‌డాక్‌లు ఎక్కువమంది ఇరుక్కున్నది అందులోనే. 2024 డిసెంబర్ 9న అమెరికా విదేశాంగ శాఖ కొత్త లిస్టు వేసింది. అందులో ఇండియా లేదు. చైనా, దక్షిణ కొరియా, బ్రెజిల్ కూడా పోయాయి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే ఇది పాతవాళ్ళకూ వర్తిస్తుంది. 2022లో వచ్చిన మీకు స్కిల్స్ లిస్టు ఒక్కటే కారణమైతే, ఇప్పుడు మీకు ఆ షరతు లేదు.

వీసా మీద అచ్చు వేసినదాన్ని, డీఎస్-2019లో కింద ఎడమవైపు కాన్సులేట్ ఆఫీసర్ టిక్కు పెట్టినదాన్ని చూసి తీర్పు అనుకోకండి. అది ఆ రోజు ఆ ఆఫీసర్ ప్రాథమిక అభిప్రాయం. పొరపాట్లు రెండువైపులా చూశాను. వర్తించదని టిక్కు పెట్టినవాళ్ళకు వర్తించిన కేసులూ ఉన్నాయి.

మీ డీఎస్-2019లన్నీ, మొదటి దాని నుంచీ, తీసి 5వ గడి చూడండి. డబ్బు ఎవరిస్తున్నారో అందులో ఉంటుంది. అక్కడ ఏముందో ఇక్కడ రాయండి.

సీఎస్ఐఆర్ గురించి భయపడకండి. అది మీరు ఇండియాలో చదువుకోవడానికి ఇచ్చిన డబ్బు. ఈ రూల్ చూసేది అమెరికాలో మీ ఎక్స్చేంజ్ ప్రోగ్రాంకి పెట్టిన డబ్బునే.

ఓరుగల్లు

చాలా థాంక్స్ మంజీర గారూ. అన్నీ తీసి చూశాను. 5వ గడిలో ప్రతి దాంట్లో యూనివర్సిటీ పేరు, మొత్తం మాత్రమే ఉన్నాయి. కానీ నా జీతం మా ప్రొఫెసర్‌కి వచ్చిన ఎన్ఎస్ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాంటులోంచి వస్తుంది. ఎన్ఎస్ఎఫ్ అంటే అమెరికా ప్రభుత్వమే కదా?

మంజీర

ప్రభుత్వమే, కానీ ఆ గ్రాంటు ఇచ్చింది పరిశోధన జరగడానికి. విదేశీయులను ఎక్స్చేంజ్ ప్రోగ్రాం కింద తెచ్చుకోవడానికి కాదు. యూనివర్సిటీ మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుని ఆ గ్రాంటులోంచి జీతం ఇస్తే, అంతమాత్రాన దాన్ని ప్రభుత్వ ఫండింగ్ కింద చూడరు. ఫుల్‌బ్రైట్ లాంటివి, లేదా మన ప్రభుత్వం మిమ్మల్ని ఎంపిక చేసి పంపి స్టైపెండ్ ఇచ్చేవి, అవి వేరు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీకున్నది స్కిల్స్ లిస్టు కారణమే. అయినా నా మాట మీదో మిత్రుల మాట మీదో వెళ్ళకండి. విదేశాంగ శాఖలో వేవర్ రివ్యూ డివిజన్ ఉంటుంది. వాళ్ళను అడ్వైజరీ ఒపీనియన్ అడగొచ్చు. డీఎస్-2019ల కాపీలన్నీ, వీసా పేజీ పంపి, నాకు 212(ఇ) వర్తిస్తుందా అని అడగడమే. దీనికి ఫీజు లేదు. ఆ జవాబు మీ ఫైలులో ఉంటే యూనివర్సిటీ లాయర్‌కు, తర్వాత యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఆఫీసర్‌కు మీ వీసా మీద ఉన్న అచ్చు గురించి వేరే వివరణ ఇవ్వక్కర్లేదు.

తుంగభద్ర

తమ్ముడూ, ఆవిడ చెప్పినట్టు ముందు ఆ ఒపీనియన్ తెప్పించుకో. అవసరం లేకుండా నోరి మొదలుపెట్టకు. నేను 2019లో మొదలుపెట్టినవాణ్ణి. అప్పుడు లిస్టులో ఇండియా ఉంది, వేరే దారి లేదు.

నోరి అంటే మన ప్రభుత్వం "ఇతను ఇండియాకు తిరిగి రావాల్సిన బాధ్యత మాకు ఏమీ లేదు" అని ఇచ్చే కాగితం. అది ఉంటేనే ఇక్కడి మన ఎంబసీ గానీ కాన్సులేట్ గానీ అమెరికా విదేశాంగ శాఖకు నో అబ్జెక్షన్ స్టేట్‌మెంట్ పంపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం లేదనాలి, పాస్‌పోర్టు ఆఫీసు అనాలి, ఢిల్లీలో విద్యా శాఖ అనాలి. ఇంకోపక్క మనం డీఎస్-3035 ఫారం ఆన్‌లైన్‌లో నింపి 120 డాలర్లు కట్టి కేసు నంబర్ తెచ్చుకోవాలి. ఎంబసీ స్టేట్‌మెంట్ మన చేతికి రాదు, నేరుగా వాళ్ళకే వెళ్తుంది. మనమే తీసుకెళ్ళి ఇస్తే చెల్లదు.

మాది కర్నూలు. పాస్‌పోర్టు రాష్ట్రం విడిపోకముందు హైదరాబాద్‌లో తీసుకున్నది. నా ఫైలు ఏ రాష్ట్రం చూడాలన్న దగ్గరే ఆగిపోయింది. ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడివాళ్ళు మళ్ళీ వెనక్కి పంపారు. మా బావమరిది పనులు మానుకుని తిరిగాడు. ఎవరి మీదా కోపం లేదు, కానీ పెద్దవాళ్ళను ఆ పనికి పెట్టొద్దు. 2014కు ముందు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు శాశ్వత చిరునామా ఏ రాష్ట్రంలోకి వస్తుందో ముందే సరిచూసుకుని మొదలుపెట్టండి.

మన ప్రభుత్వ ఫెలోషిప్ మీద వచ్చినవాళ్ళకు మాత్రం ఈ దారి ఇప్పటికీ కావాలి. వాళ్ళకు లిస్టు మారినా ఒరిగిందేమీ లేదు.

బందరు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఈ రూల్ ఉంటే ఒక్క హెచ్-1బికేనా అడ్డు? మా అన్నయ్యకు కూడా ఉంది. వదినకు ఈ మధ్యే హెచ్-1బి వచ్చింది. అన్నయ్య హెచ్-4కి (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మారిపోతే సరిపోతుందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

మంజీర

సరిపోదండీ. హెచ్ అంటే హెచ్ కుటుంబం మొత్తం, హెచ్-4 కూడా. కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్ళ ఎల్ వీసాలు, అమెరికా పౌరులను పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకు ఇచ్చే కె వీసాలు, గ్రీన్‌కార్డు కూడా అంతే. రెండేళ్ళు ఇండియాలో ఉండాలి, లేదా వేవర్ రావాలి. అప్పటిదాకా ఇవేవీ కుదరవు. హైదరాబాద్ వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుంటానన్నా హెచ్ వీసా ఇవ్వరు.

రెండో సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో ఉండగానే స్టేటస్ మార్చుకోవడం ఈ రూల్ ఉన్నవాళ్ళకు దాదాపు దేనికీ కుదరదు. ఎ, జి అనే దౌత్య, అంతర్జాతీయ సంస్థల వీసాలకు, బాధితులకు ఇచ్చే ఒకటి రెండు రకాలకు తప్ప. ఎఫ్-1కి (చదువు వీసా) గానీ ఓ-1కి (విశేష ప్రతిభ వీసా) గానీ వెళ్ళొచ్చు, కానీ దేశం దాటి వెళ్ళి ఆ వీసా స్టాంపు వేయించుకుని రావాలి. అలా ఓ-1 మీద ఎన్నేళ్ళున్నా రెండేళ్ళ బాకీ అలాగే ఉంటుంది.

మీ అన్నయ్యకు ఏ కారణం వల్ల వచ్చిందో కనుక్కోండి. స్కిల్స్ లిస్టు ఒక్కటే అయితే ఆయనకూ ఇప్పుడు లేనట్టే.

పెన్నా

అక్కా, నేను నెల్లూరు నుంచి. మిషిగన్‌లో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, రెండో సంవత్సరం, జె-1. లిస్టులోంచి ఇండియాను తీసేశారని వార్త వచ్చిన రోజు మా ఇంట్లో అమ్మ స్వీట్లు పంచింది. డాక్టర్లకు వర్తించదని తర్వాత తెలిసింది. మాలాంటివాళ్ళకు నోరి కూడా పనికిరాదంటున్నారు. మరి ఏం చేయాలి?

కొల్లేరు

డాక్టర్ గారూ, ఆ దారిలో నడిచినవాణ్ణి, వివరంగా రాస్తాను.

మనకు నో అబ్జెక్షన్ దారి చట్టంలోనే లేదు. 1976 చట్టం తర్వాత రెసిడెన్సీకి వచ్చే డాక్టర్లందరికీ ఈ షరతు తప్పనిసరి అయింది. మీరు వచ్చేముందు ఢిల్లీలో ఆరోగ్య శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ తెచ్చి, డాక్టర్ల జె-1 చూసే ఈసీఎఫ్ఎంజీ సంస్థకు ఇచ్చి ఉంటారు. దేశానికి ఈ స్పెషాలిటీ అవసరం, చదువయ్యాక తిరిగొస్తానని ఈ డాక్టర్ హామీ ఇచ్చారు అని అందులో ఉంటుంది. కాబట్టి మన ముందున్నవి, రెండేళ్ళు వెళ్ళి రావడం, లేదా అమెరికాలో డాక్టర్లు దొరకని చోట పనిచేసే షరతు మీద వేవర్. అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయిన భార్యాభర్తలకు, పిల్లలకు తీవ్రమైన కష్టం కలుగుతుందని ఐ-612 దరఖాస్తు వేసే దారి కూడా ఉంది. వాళ్ళు మీతో ఇండియా వచ్చినా కష్టమే, ఇక్కడే ఉండిపోయినా కష్టమే అని రెండూ రుజువు చేయాలి. తేలిక కాదు.

ఎక్కువమంది వెళ్ళేది కాన్రాడ్ 30 దారిన. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో మొదలైంది. అప్పట్లో రాష్ట్రానికి 20, 2002 నుంచి 30. ప్రతి రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏడాదికి 30 మంది డాక్టర్లకు వేవర్ సిఫార్సు చేయొచ్చు. వాళ్ళ ఏడాది అక్టోబర్ 1న మొదలవుతుంది. మీరు డాక్టర్ల కొరత ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో వారానికి 40 గంటల చొప్పున మూడేళ్ళు, హెచ్-1బి మీద పనిచేయాలి. వేవర్ వచ్చిన 90 రోజుల్లో చేరాలి. ఈ హెచ్-1బికి లాటరీ లేదు, స్టేటస్ అమెరికాలోనే మారుతుంది. 30లో 10 సీట్లు ఫ్లెక్స్. ఆసుపత్రి కొరత ప్రాంతంలో లేకపోయినా, ఆ ప్రాంతాల రోగులు అక్కడికి వస్తుంటే వాటిని వాడుకోవచ్చు. పెద్ద స్పెషాలిటీలవాళ్ళు ఎక్కువగా వాటి మీదే ఆధారపడతారు. ఈ కార్యక్రమం గడువును కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తోంది, కాబట్టి ఆ వార్తలు కూడా చూస్తూ ఉండండి.

రాష్ట్రాల మధ్య తేడా చాలా ఉంటుంది. కొన్నిచోట్ల తలుపు తెరిచిన రోజే 30కి మించి దరఖాస్తులు వస్తాయి. అలాస్కా, వయోమింగ్ లాంటి చోట్ల సీట్లు మిగిలిన ఏళ్ళున్నాయి. కొన్ని రాష్ట్రాలు ప్రైమరీ కేర్‌కు ముందు ఇస్తాయి. మీది ఇంటర్నల్ మెడిసిన్ కాబట్టి మీకు వీలు ఎక్కువ. కార్డియాలజీ ఫెలోషిప్ ఆలోచన ఉంటే ఆ లెక్క మారుతుందని గుర్తుంచుకోండి.

కాన్రాడ్ ఒక్కటే కాదు. అపలాచియన్ రీజినల్ కమిషన్ కింద 13 రాష్ట్రాల్లోని ప్రాంతాలు, డెల్టా రీజినల్ అథారిటీ కింద 8 రాష్ట్రాల్లోని ప్రాంతాలు ఉన్నాయి. వీటికి 30 అనే పరిమితి లేదు. మాజీ సైనికుల ఆసుపత్రులు కూడా సిఫార్సు చేయగలవు, వాటికి కొరత ప్రాంతం అనే షరతు లేదు. ప్రైమరీ కేర్‌వాళ్ళకు అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్‌హెచ్‌ఎస్ దారి కూడా ఉంది.

ఉద్యోగం కోసం రెండో సంవత్సరం చివరి నుంచే వెతకాలి. మూడో సంవత్సరం అక్టోబర్ నాటికి కాంట్రాక్టు మీద సంతకాలైపోయి ఫైలు రాష్ట్రం దగ్గర ఉండాలి. కాంట్రాక్టు మీరే అక్షరం అక్షరం చదవండి. ఉద్యోగం మానేశాక చుట్టుపక్కల ప్రాక్టీసు చేయకూడదనే షరతును చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు, అయినా కొందరు యజమానులు పెడతారు. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే మొత్తం కూడా చూడండి. ఈ మూడేళ్ళలో యజమాని మారడం చాలా కష్టం. ఆసుపత్రి మూతపడటం లాంటి గట్టి కారణం ఉంటే, మరో కొరత ప్రాంతంలో మిగిలిన కాలం పూర్తిచేయాలి. అది మధ్యలో వదిలేస్తే రెండేళ్ళ షరతు మళ్ళీ మీద పడుతుంది. మూడేళ్ళు నిండేదాకా గ్రీన్‌కార్డు చివరి మెట్టు కూడా ఎక్కలేరు.

నేను మూడేళ్ళు పనిచేసింది కాన్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో. చుట్టూ గోధుమ పొలాలు. ఇండియన్ సరుకుల కొట్టుకు వెళ్ళాలంటే సగం రోజు డ్రైవింగ్. కానీ ఆ ఊళ్ళో ముసలివాళ్ళు నన్ను చూసుకున్న తీరు జన్మలో మర్చిపోను. ఆ మూడేళ్ళను శిక్ష అనుకుని వెళ్ళొద్దు.

పాలకొల్లు

అందరూ తప్పించుకునే దారులే మాట్లాడుతున్నారు. దేశానికి ఈ డాక్టర్ అవసరం, తిరిగొస్తాను అని సంతకం పెట్టి వచ్చాం కదా. మా ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో స్పెషలిస్టు కోసం జనం భీమవరం, రాజమండ్రి పరిగెడుతున్నారు. కాన్సాస్ పల్లె మీద ఉన్న జాలి మన పల్లెల మీద ఉండదా?

పెన్నా

మీ బాధ నాకు అర్థమవుతుంది, మాదీ పల్లెటూరే. తిరిగి వెళ్ళాలన్న ఆలోచన నాలో ఇప్పటికీ ఉంది. కానీ ఎడ్యుకేషన్ లోను, చెల్లి పెళ్ళి, ఇవి కూడా ఉన్నాయి. చట్టమే రెండు దారులు పెట్టినప్పుడు రెండూ తెలుసుకోవడం తప్పు కాదనుకుంటున్నాను. కొల్లేరు గారూ, అంత ఓపికగా రాసినందుకు రుణపడి ఉంటాను.

కొల్లేరు

పాలకొల్లు గారి మాటలో న్యాయం ఉంది. ఆ సంతకానికి విలువ ఉంది. వేవర్ తీసుకున్నవాళ్ళు ఆ మాటను ఇంకో రూపంలోనైనా నిలబెట్టుకోవాలని నేనూ నమ్ముతాను. అది ఎలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

గౌతమి

నాది కొంచెం వేరే సమస్య. మా వారు భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీద జె-1లో వచ్చారు. నేను జె-2, సాఫ్ట్‌వేర్. ఈఏడీ మీద చేస్తున్న కంపెనీ మార్చి లాటరీలో నా పేరు వేస్తానంటోంది. నాకు ఫెలోషిప్ ఏమీ లేదు కాబట్టి నాకు ఈ రూల్ ఉండదు కదా?

మంజీర

ఉంటుందమ్మా. జె-1కు ఉంటే జె-2 భార్యకు, పిల్లలకు కూడా ఉంటుంది. లాటరీలో మీ పేరు వచ్చినా హెచ్-1బికి స్టేటస్ మారదు, ఇండియా వెళ్ళినా హెచ్-1బి స్టాంపు రాదు. జె-2 మీద ఉన్నవాళ్ళు సొంతంగా వేవర్ అడగడానికీ లేదు. మీ వారు అడగాలి, ఆయనకు వస్తే మీకూ వచ్చినట్టే. విడాకులైనా, జె-1 వ్యక్తి చనిపోయినా, పిల్లలకు 21 నిండినా మాత్రం విదేశాంగ శాఖ వాళ్ళ కేసును విడిగా చూస్తుంది.

మీ వారి ఫెలోషిప్ ఇచ్చిన సంస్థతో ముందు మాట్లాడమనండి. కొన్ని ఫెలోషిప్‌లలో తిరిగొచ్చి పనిచేస్తామని బాండు ఉంటుంది. బాండు తేలకుండా నోరికి వెళ్తే అక్కడే ఆగిపోతుంది.

తుంగభద్ర

గౌతమి గారూ, కంపెనీ లాయర్‌కు మీరు జె-2 అని, 212(ఇ) ఉందని ఇప్పుడే చెప్పండి. ఈ రోజుల్లో ఇది డబ్బుతో కూడా ముడిపడింది. 2025 సెప్టెంబర్ 19న వచ్చిన అధ్యక్షుడి ప్రకటనతో కొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు కదా.

మంజీర

అవును, అది ఈ థ్రెడ్‌లో అందరూ గమనించాల్సిన విషయం. ఆ ఫీజు సెప్టెంబర్ 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు. అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, మనిషి అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్పు అడిగి, అది ఆమోదం పొందితే ఆ ఫీజు లేదు. స్టేటస్ మార్పుకు అర్హత లేదని తేలితే మాత్రం ఫీజు పడుతుంది.

212(ఇ) ఉన్నవాళ్ళకు స్టేటస్ మార్పే కుదరదు కాబట్టి, వేవర్ లేకుండా ఐ-129 (యజమాని వేసే హెచ్-1బి పిటిషన్) వేస్తే యజమాని నెత్తిన లక్ష డాలర్లు పడొచ్చు. అందుకే ముందు 212(ఇ) సంగతి తేల్చుకోవాలి, ఆ తర్వాతే హెచ్-1బి. విదేశాంగ శాఖ సిఫార్సు లేఖ రాగానే పిటిషన్ వేసే లాయర్లు ఉన్నారు. యూఎస్‌సీఐఎస్ ఇచ్చే వేవర్ ఆమోదం (ఐ-612) చేతిలో ఉంటే ఇంకా నిశ్చింత.

వేవర్ అడగబోయేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. విదేశాంగ శాఖ మీ వేవర్‌కు సిఫార్సు చేశాక మీ డీఎస్-2019ను పొడిగించడం కుదరదు. ఉన్న తేదీ వరకే పని. రీసెర్చ్ స్కాలర్‌కు ఐదేళ్ళ దాకా అవకాశం ఉంటుంది కాబట్టి, పొడిగింపు కావాలంటే వేవర్ కంటే ముందే చేయించుకోండి. మా ఆఫీసుకు వేవర్ లేఖ పట్టుకుని వచ్చి ఎక్స్‌టెన్షన్ అడిగేవాళ్ళను చూస్తే మనసు చివుక్కుమంటుంది. చేయగలిగింది ఏమీ ఉండదు.

నల్లమల

ఫుల్‌బ్రైట్-నెహ్రూ మీద పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేశాను. ఇప్పుడు అకడమిక్ ట్రైనింగ్‌లో (చదువుకు సంబంధించి జె-1 మీదే చేసే పని) ఉన్నాను. ఇక్కడి సంస్థ నన్ను ఉంచుకుంటానంటోంది. నో అబ్జెక్షన్ తెచ్చుకుంటే ఏమైనా ఆశ ఉందా?

మంజీర

నిజం చెప్పాలంటే చాలా తక్కువ. ఫుల్‌బ్రైట్‌లో అమెరికా ప్రభుత్వ డబ్బుంది. మన ప్రభుత్వం అభ్యంతరం లేదన్నా, అమెరికా విదేశాంగ శాఖ సాధారణంగా ఒప్పుకోదు. అకడమిక్ ట్రైనింగ్ మీ స్థాయిలో 18 నెలలకు మించదు. ఆ తర్వాత వెళ్ళడానికే సిద్ధపడండి.

కృష్ణవేణి

నల్లమల గారూ, నేనూ ఫుల్‌బ్రైటర్‌నే. రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉండి షరతు పూర్తిచేశాను. వెళ్ళేటప్పుడు ఏడ్చుకుంటూ వెళ్ళినమాట నిజం. వెళ్ళాక గిరిజన ప్రాంతాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పని దొరికింది. భద్రాచలం, ఉట్నూరు తిరిగాను. అమెరికాలో చదివిన పాఠాలకు అర్థం నాకు అక్కడే తెలిసింది. అందరికీ అలా జరుగుతుందని అనను. జీతం తక్కువ, కొన్ని ఆఫీసుల్లో మన మాట వినరు.

లెక్క గురించి చెప్తాను. రెండేళ్ళు ఏకబిగిన ఉండక్కర్లేదు, విడతలు విడతలుగా ఉన్నా మొత్తం కలుపుతారు. మధ్యలో కాన్ఫరెన్సుకు వెళ్తే ఆ రోజులు తీసేస్తారు. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తూ ఉంటే అది లెక్కలోకి రాదు. రేపు హెచ్-1బికో గ్రీన్‌కార్డుకో వెళ్ళినప్పుడు రుజువు అడుగుతారు. పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలు, జీతం స్లిప్పులు, ఫారం 16, ఇంటి అద్దె ఒప్పందం అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. పాస్‌పోర్టు రెన్యువల్ అయితే పాతది పారేయకండి.

నల్లమల

చదివాక మనసు కొంచెం తేలికపడింది కృష్ణవేణి గారూ. ఆ పని గురించి విడిగా మెసేజ్ చేస్తాను.

బందరు

అన్నయ్య కాగితాలు చూశాం. స్కిల్స్ లిస్టు తప్ప వేరే ఏమీ లేదు. అడ్వైజరీ ఒపీనియన్‌కు పంపాం. ఇంకో చిక్కు వచ్చింది. అన్నయ్యకు "24 నెలల బార్" ఉందని వాళ్ళ ఆఫీసు అంటోంది. రెండేళ్ళ రూల్ పోయాక మళ్ళీ ఈ రెండేళ్ళేమిటి?

మంజీర

రెండూ వేరు. 24 నెలల బార్ అంటే రీసెర్చ్ స్కాలర్‌గానో ప్రొఫెసర్‌గానో ఒక ప్రోగ్రాం ముగించినవాళ్ళు 24 నెలల దాకా మళ్ళీ అదే రకం జె-1 మీద రాకూడదు, అంతే. హెచ్-4కి గానీ హెచ్-1బికి గానీ అడ్డు రాదు. వేవర్‌తో అది పోదు కూడా. అన్నయ్య మళ్ళీ జె-1 మీద రావాలనుకోకపోతే దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఓరుగల్లు

అందరికీ మంచి వార్త. వేవర్ రివ్యూ డివిజన్ నుంచి జవాబు వచ్చింది. నాకు 212(ఇ) వర్తించదు అని స్పష్టంగా రాశారు. నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. యూనివర్సిటీ లాయర్ ఆ లేఖ జతచేసి ఐ-129 వేశారు, స్టేటస్ మార్పుతో. మా ఆవిడకు హెచ్-4 కోసం ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు) కూడా. ప్రీమియం ప్రాసెసింగ్ (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కట్టలేదు, యూనివర్సిటీ తొందర లేదంది.

ఇప్పుడు ఇంట్లో చెల్లి పెళ్ళి కుదిరింది, వచ్చే నెల హనుమకొండలో. పిటిషన్ నడుస్తుండగా వారం రోజులు వెళ్ళి రావచ్చా? జె-1 వీసా ఇంకా చెల్లుతుంది.

మంజీర

వెళ్ళొద్దు. స్టేటస్ మార్పు నడుస్తుండగా దేశం దాటితే ఆ కోరికను వదులుకున్నట్టు లెక్క. అప్పుడు పిటిషన్ ఆమోదం వచ్చినా బయట స్టాంపింగ్ చేయించుకుని రావాల్సిన కేసు అవుతుంది, లక్ష డాలర్ల ఫీజు కూడా దానికి వర్తిస్తుంది. యూనివర్సిటీ అంత డబ్బు కట్టదు.

ప్రీమియం ప్రాసెసింగ్ మధ్యలో కూడా అడగొచ్చు. అడిగితే 15 పనిదినాల్లో ఏదో ఒకటి చెప్తారు. మీ ఆఫీసును బతిమాలండి. యూనివర్సిటీకి తొందర లేకుండా మీ సొంత అవసరానికైతే మీరే కడతామన్నా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. అలా ఆమోదం చేతికొచ్చి, హెచ్-1బి మొదలయ్యే తేదీ కూడా దాటాక వెళ్తే ఆ ఫీజు బెడద ఉండదు. కాకపోతే తిరిగి రావడానికి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో హెచ్-1బి స్టాంపు కావాలి, జె-1 వీసా మీద రాకూడదు. పెళ్ళి తేదీకి ఆ అపాయింట్‌మెంట్ దొరుకుతుందో లేదో చూసుకుని టికెట్ కొనండి. మీ ఆవిడ హెచ్-4కి కూడా ఇదే లెక్క, తన ఐ-539 తేలేదాకా ఆమె కూడా కదలకూడదు. పైగా హెచ్-4కి మారిన రోజు నుంచి జె-2 ఈఏడీ మీద పనిచేయకూడదు. వాళ్ళ కంపెనీకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచమనండి.

ఓరుగల్లు

ఈఏడీ సంగతి మాకు తట్టనే లేదు. ఆ ఐ-539ను ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అని రేపే లాయర్‌ని అడుగుతాం. ప్రీమియం గురించి ఆఫీసుకు ఇప్పుడే మెయిల్ పెట్టాను.

తుంగభద్ర

లాయర్‌ని అడిగేటప్పుడు నీ హెచ్-1బి ఏ తేదీ నుంచి మొదలవుతుందో కూడా అడుగు తమ్ముడూ. నువ్వు జె-1లోంచి బయటికి వచ్చాక తన జె-2 కూడా నిలవదు. తను హెచ్-4 వద్దనుకుంటే ఆ తేదీ లోపలే వేరే ఏర్పాటు ఉండాలి.